న్యూట్ పిల్లలు నీళ్ళలో ఉండట్లేదు, ఏం చెయ్యాలి?

తడినాచు:
మాది బెంగళూరు, మారతహళ్ళి. ఫ్రెండ్ ఒకడు ఊరు మారుతూ తన జపాన్ ఫైర్ బెల్లీ న్యూట్ల (బల్లిలా ఉండే ఉభయచరాలు) గుడ్లు నాకిచ్చి పోయాడు, ఏడు పిల్లలు బతికాయి. మొన్నటిదాకా మెడ పక్కన ఈకల్లా మొప్పలుండేవి, అవి కరిగిపోయి ఇప్పుడు తొట్టి అద్దం ఎక్కేస్తున్నాయి, నీళ్ళలోకి దించితే కొట్టుకుని మళ్ళీ బయటికే. తిండీ ముట్టట్లేదు. భయంగా ఉంది.

చేపలపిచ్చి:
కంగారొద్దు అన్నా, రోగం కాదు, వాటి వయసే అంత, ఏడాది పైనే నేల మీదుంటాయి. బలవంతంగా నీళ్ళలో పెడితే మునిగి చస్తాయి. మూతకి చిన్న బొక్కలు పెట్టిన డబ్బా, అడుగున తడి టిష్యూ, ఓ మూల నాచు, చాలు. టిష్యూ పిండితే నీళ్ళు కారకూడదు. తిండి కదలాలి, కదలందాన్ని చాలావరకు పట్టించుకోవు. రెక్కల్లేని పండు ఈగలు, కంపోస్ట్‌లో తెల్లగా గెంతే స్ప్రింగ్‌టెయిల్స్ పురుగులు వెయ్యి.

తడినాచు:
థాంక్స్ బ్రో. మరి ఏప్రిల్ ఎండలకి?

మైలాపూర్‌మామ:
చెన్నైలో ఉండి పెంచుతున్నా బాబూ, నీ బాధ ఎంత! 22 డిగ్రీలు దాటనివ్వకు. థర్మోకోల్ పెట్టెలో గడ్డకట్టిన బాటిల్‌కి గుడ్డ చుట్టి డబ్బాకి ఆనకుండా పెడతా. ఓసారి పెళ్ళికెళ్ళొచ్చేసరికి కరెంటు పోయి మూడు పోయాయి, ఇప్పటికీ మా ఆవిడ దెప్పుతుంది. ముట్టుకుంటే చేతులు కడుక్కో, చర్మంలో ఉండేది టెట్రోడోటాక్సిన్, పఫర్ చేప విషమే. డార్జిలింగ్ వైపు న్యూట్ ఎవరైనా ఇస్తానన్నా వద్దను, 1972 వన్యప్రాణి చట్టం ఉంది.