కామిక్స్ నేర్చుకునేవారు ముందు బొమ్మ సాధించాలా, పేజీ మొదలుపెట్టాలా?

గీతలబాట:
శరీర నిర్మాణం, పర్‌స్పెక్టివ్ (దూరం, లోతు కనిపించేలా గీసే పద్ధతి) చేతికి పట్టుబడేవరకు కథ జోలికి వెళ్లవద్దని చాలామంది బోధకులు చెబుతారు. మొదటి నుంచే పేజీలు గీయాలని మరికొందరు అంటారు. నేను రెండో పక్షం. కాదనేవారు కారణాలతో కాదనాలని కోరుతున్నాను.

ఏ క్షణాన్ని బొమ్మగా చూపాలి, దేన్ని రెండు ప్యానెళ్ల (బొమ్మల గళ్ల) మధ్య ఖాళీలో పాఠకుడి ఊహకు వదిలేయాలి అన్నదే ఈ కళలో అసలు విద్య. ఒకామె ఉత్తరం చదివి చించివేసే ఘట్టాన్ని తీసుకోండి. కవరు తెరవడం, చదవడం, ముఖం మారడం, చించడం అని నాలుగు ప్యానెళ్లు గీయవచ్చు. లేదా చదువుతున్న ముఖం ఒకటి, నేల మీద కాగితపు ముక్కలు ఒకటి గీసి, రెండింటితోనే ముగించవచ్చు. రెండో పద్ధతిలో చించే చేతులు ఎక్కడా లేవు, అయినా పాఠకుడికి అవి కనిపిస్తాయి. ఎన్ని స్కెచ్‌పుస్తకాలు నింపినా ఈ తేడా బోధపడదు. పేజీ పూర్తిచేసి, కథ తెలియని మనిషి చేత చదివించినప్పుడే బోధపడుతుంది.

ఇది కొత్త వాదనేమీ కాదు. కామిక్స్‌కు ఆద్యుల్లో ఒకరైన జెనీవా రచయిత రొడాల్ఫ్ టోఫ్ఫర్, చిత్రకళాశాల శిక్షణ లేనివారు కూడా ముఖాలను పదేపదే గీసి, ఏ గీత మారితే ఏ భావం మారుతుందో గమనిస్తూ బొమ్మల కథలు చెప్పవచ్చని 1845లోనే రాశారు.

రేఖాభ్యాసి:
గీతలబాట గారూ, ఉత్తరం ఉదాహరణ బాగుంది, కానీ అది నా వాదనకే బలమిస్తోంది. చేతులు గీయడం వచ్చినవారికి వాటిని గీయకపోవడం ఒక ఎంపిక. చేతులు గీయడం రానివారికి అది గత్యంతరం లేని పని. కొత్తవారి పేజీలను గమనించండి. పాత్రలన్నీ ఒకే వైపు తిరిగి ఉంటాయి, చేతులు జేబుల్లో దాక్కుంటాయి, వెనుక గది ఉండదు, ఒకే మనిషి మూడో ప్యానెల్‌కు వచ్చేసరికి మరో మనిషిలా కనిపిస్తాడు. చేతికి వచ్చినంత మేరకే కథ కుదించుకుపోతుంది. రాని భంగిమను తప్పించుకోవడం అలవాటైతే, ఆ అలవాటును మాన్పించడం కొత్తగా నేర్పడం కంటే కష్టం. టిన్‌టిన్ కామిక్స్ సృష్టికర్త హెర్జే వంటివారికి అంత స్పష్టమైన గీత సాధన లేకుండానే వచ్చిందా?

అక్షరశిల్పి:
ఇద్దరూ మాటల బుడగలను మరిచిపోయారు. మొదట మాట్లాడే పాత్రను కుడివైపు, జవాబిచ్చే పాత్రను ఎడమవైపు గీశాక బుడగలు పెట్టబోతే, వాటి తోకలు ఒకదానినొకటి దాటుకుంటాయి, లేదా జవాబు ప్రశ్న కంటే ముందు చదవాల్సి వస్తుంది. అందుకే పెన్సిల్ బొమ్మ కంటే ముందు, అరచేతిలో పట్టేంత చిన్న థంబ్‌నెయిల్‌లో (పేజీ ముందస్తు నమూనాలో) మాటలకు చోటు కేటాయించుకోవాలి. ఇది ఏ అనాటమీ పాఠంలోనూ ఉండదు కాబట్టి నా మొగ్గు గీతలబాట గారి వైపే.

గీతలబాట:
రేఖాభ్యాసి గారు చెప్పిన ఆ తప్పించుకునే జాడ్యం నిజమే, దాన్ని తేలిగ్గా తీసుకోను. అయితే జేబుల్లో దాగిన చేతులు బయటపడింది పేజీ మీదే కదా! పేజీ లేకపోతే చేతులు ఎందుకు సాధన చేయాలో కూడా తెలియదు. హెర్జే సాధన చేశారు, కానీ కథలు గీస్తూ చేశారు. 1926 నుంచి ఒక స్కౌట్ పత్రికకు టోటర్ అనే కుర్రాడి సాహసాలు గీశారు, 1929లో టిన్‌టిన్‌ను మొదలుపెట్టారు. ఆ మొదటి టిన్‌టిన్ కథలోని బొమ్మలను తర్వాతి టిన్‌టిన్ పుస్తకాలతో పోల్చి చూస్తే, ఆయన గీత పాఠకుల కళ్లముందే పదునెక్కిందని తెలుస్తుంది.

కాబట్టి కొత్తవారికి నేను చెప్పేది ఇది. మూడొందల పేజీల గ్రాఫిక్ నవలను పక్కనపెట్టి, నాలుగు పేజీల్లో ముగిసే కథను తీసుకోండి. గీయడానికి ముందే ప్రధాన పాత్రను ఎదుటి నుంచి, పక్క నుంచి, వెనుక నుంచి ఒకే కాగితం మీద గీసి ఎదురుగా పెట్టుకోండి. పోలిక చెదరకుండా అది కాపాడుతుంది. గీయాలంటే మిమ్మల్ని భయపెట్టే భంగిమ ఒకటైనా కథలో ఉండేలా చూసుకోండి. అది కుదరకపోతే అద్దం ముందు మీరే ఆ భంగిమలో నిలబడి ఆ ఒక్క ప్యానెల్‌ను మళ్లీ గీయండి, పేజీ మొత్తాన్ని చించకండి.

రేఖాభ్యాసి:
భయపెట్టే భంగిమ తప్పనిసరి అన్న షరతుకు ఒప్పుకుంటున్నాను. రోజూ కొంతసేపు ఎదురుగా ఉన్న వస్తువులను, మనుషులను చూసి గీయడం కూడా దానితోపాటు సాగాలని మాత్రం గట్టిగా చెబుతాను.