అతిశయిల్లుచునుండునా, అతిశయించుచునుండునా?

మారోవిండ్ పాతకాపు:
రెండు రోజులుగా ఒక్క అక్షరం దగ్గర ఆగిపోయాను. మా మేనల్లుడికి మారోవిండ్ (2002) అనే వీడియో గేమ్ గురించి చెబుతున్నా. కత్తి తిప్పితే కత్తివిద్య పెరుగుతుంది, గెంతితే గెంతే నేర్పు పెరుగుతుంది, ఆ ఆటలోని సేడా నీన్ ఊరి నుంచి బాల్మోరా ఊరి దాకా గెంతుకుంటూనే పోయేవాణ్ణి అంటుంటే వేమన పద్యం నోటికొచ్చింది. ‘అనగననగ రాగమతిశయి...’ తర్వాత ‘ల్లు’నా, ‘ంచు’నా?

ఆటవెలది:
ఛందస్సు తేల్చదు. ‘మతిశయిల్’ నగము అనే గణం, ‘లుచునుండు’ సలము అనే గణం. ‘ంచు’ పెట్టినా గణాలు అవే, యతి కూడా చెడదు. అర్థం బట్టి నా ఓటు ‘ల్లు’కే. వర్ధిల్లు, రాజిల్లు, శోభిల్లు చూడండి, అన్నీ తమంతట తాము జరిగేవి. రాగాన్ని ఎవరూ పెంచరు, పాడుతుంటే అదే పెరుగుతుంది.

మారోవిండ్ పాతకాపు:
అయితే మారోవిండ్‌ది ‘ఇల్లు’ పద్ధతి, లెవెల్ పెరిగినప్పుడు పాయింట్లు పంచుకునే ఆటలది ‘ఇంచు’ పద్ధతి!

తెనాలి పాఠకురాలు:
వినడానికి బాగుంది కానీ నిలవదండీ. ఫలించు, జీవించు, వర్షించు ఎవరో చేయించేవా? అతిశయించు కూడా అకర్మకమే. నేను చిన్నప్పటి నుంచి ‘ంచు’ అనే చదువుకున్నాను.

కదిరి కుర్రాడు:
అందరూ మొదటి పాదం దగ్గరే ఉండిపోయారు. అసలు రుచి రెండో పాదంలో ఉంది. మారోవిండ్ వరసలోనే వచ్చిన స్కైరిమ్ (2011) ఆటలో ప్రతి మూలికకూ నాలుగు గుణాలు. నోట్లో వేసుకుంటే మొదటి గుణం తెలుస్తుంది. ‘తినగ తినగ’ అంటే అదే కదా! అన్నట్టు, ‘తియ్యగనుండు’ అని రాసేవాళ్లకు మనవి, అలా రాస్తే గణం పోతుంది. ‘తియ్యనుండు’ అనే ఉండాలి.

తెనాలి పాఠకురాలు:
పాలు పోసి పెంచినా వేము చేదు విడవదన్న పద్యం కూడా వేమనదేగా? ఆ ఆటలోనూ మన పాత్రకు ఎంచుకున్న జాతిని బట్టి కొన్ని విద్యలు మొదటి నుంచే ఎక్కువుంటాయి. అది సాధనతో వచ్చింది కాదు.

కదిరి కుర్రాడు:
ఆ పద్యం చెట్టు గురించి అక్కా, ఇది నాలుక గురించి. చేదు వేములోనే ఉంది, అలవాటు పడింది తినేవాడు. మూలికకు కొత్త గుణం రాలేదు, ఆటగాడికే తెలిసింది. మా కదిరి దగ్గర కటారుపల్లిలో వేమన సమాధి ఉంది. అక్కడ ఎవరినడిగినా ఈ తేడా చెబుతారు.

ఆటవెలది:
మూడో పాదం వదిలేశారు. ‘సాధనమున’ అంటే అభ్యాసంతోనా, పనిముట్టుతోనా? సాధనానికి రెండు అర్థాలూ ఉన్నాయి. స్కైరిమ్‌లో గురువుకు డబ్బిస్తే లెవెల్‌కు ఐదుసార్లు విద్య పెరుగుతుంది. అది ఏ సాధనం?

తెనాలి పాఠకురాలు:
అభ్యాసమే. పై రెండు పాదాల్లో ‘అనగననగ’, ‘తినగ తినగ’ అని మాట రెట్టించింది అందుకే.

మారోవిండ్ పాతకాపు:
సరే, మరి నా ‘ల్లు’? బ్రౌన్ 1829లో అచ్చు వేయించిన వేమన పద్యాలు ఎవరి దగ్గరైనా ఉంటే ఆ పాదం ఫొటో పెట్టండి.