రెండు యాంప్‌లకు స్విచ్ బాక్స్: ఇంట్లో చేసుకోవచ్చా?

బ్రాడీపేట తీగలు:
మా చర్చిలో రెండు గిటార్ యాంప్‌లున్నాయి. ఒకటి ట్రాన్సిస్టర్‌ది, ఇంకోటి 50 వాట్ల ట్యూబ్ యాంప్. పాట మధ్యలో కేబుల్ పీకి రెండోదాంట్లో గుచ్చేసరికి టప్పుమని మోత, ముందు వరసలో పెద్దవాళ్లు ఉలిక్కిపడుతున్నారు. కాలితో నొక్కితే మారేలా, కావాలంటే రెండూ కలిసి మోగేలా ఒక పెట్టె చేద్దామని తొమ్మిది కాళ్ల ఫుట్‌స్విచ్‌లు, జాకులు, అల్యూమినియం డబ్బా తెచ్చుకున్నాను. మా బావేమో కరెంటుతో ఆటలొద్దు, రెడీమేడ్‌ది కొను అంటున్నాడు. ఇంకో సంగతి, మాకు విడి స్పీకర్ క్యాబినెట్ ఒక్కటే ఉంది. దాన్ని ఏ యాంప్‌కి కావాలంటే ఆ యాంప్‌కి మార్చే స్విచ్ కూడా ఇదే పెట్టెలో పెట్టొచ్చా?

బెంజ్ సర్కిల్ బేస్:
చేసేయండి బ్రదర్, భయమెందుకు? గిటార్ నుంచి వచ్చే సిగ్నల్ షాక్ కొట్టేంత ఉండదు. రెండు యాంప్‌లూ కలిపినప్పుడు మాత్రం గుయ్యిమని హమ్ వస్తుంది. ఒక యాంప్ ప్లగ్గులో లావు పిన్ను, అదే ఎర్త్ పిన్ను, తీసేయండి, పోతుంది. షామియానా ప్రోగ్రాముల్లో పదేళ్లుగా అలాగే వాయిస్తున్నాను. గిటార్ కేబుళ్ల షీల్డ్ (లోపలి తీగ చుట్టూ ఉండే లోహపు అల్లిక) పెట్టెలో ఎలాగూ కలుస్తుంది కాబట్టి రెండో యాంప్‌కి ఎర్త్ మొదటిదాని నుంచి అందుతుంది.

ఆటోనగర్ సోల్డర్:
పెట్టె చేసుకోండి, కానీ పిన్ను మాత్రం ముట్టుకోకండి. దయచేసి.

నాలుగేళ్ల కిందట గుంటూరు దగ్గర ఒక ఊళ్లో క్రిస్మస్ కార్యక్రమం. నా గిటార్ ఇలాగే పిన్ను తీసేసిన యాంప్‌లో ఉంది. పాడదామని వంగాను, పెదవి మైకు జాలీకి తగిలింది. ఎవరో దవడ మీద కొట్టినట్టు తల వెనక్కి పోయింది. రెండు రోజులు పెదవి తిమ్మిరి వదల్లేదు. గిటార్ తీగలు వాటిని పట్టుకునే లోహపు బ్రిడ్జి మీదుగా, కేబుల్ షీల్డ్ మీదుగా యాంప్ బాడీకే కలిసి ఉంటాయి. లోపల లీకేజీ ఉంటే అది పోవడానికి మన ఒళ్లే దారి.

బేస్ అన్నా, షీల్డ్ గుండా ఎర్త్ అందుతుందన్నారు, నిజమే. ఎవరి కాలో తగిలి ఆ కేబుల్ ఊడితే? ఆ క్షణం నుంచి ఆ యాంప్‌కి ఎర్త్ లేదు. ఊడకపోయినా, లోపల షార్ట్ అయితే వచ్చే కరెంటును ఆ సన్న షీల్డ్ మోయలేదు.

అసలు హమ్ ఎందుకంటే, రెండు యాంప్‌ల ఎర్త్‌లు గోడ దగ్గర ఒకసారి, మన పెట్టెలో ఇంకోసారి కలిసి పెద్ద చుట్టులా తయారవుతాయి. మెయిన్స్ 50 హెర్ట్జ్ మోత అందులోకి దూరుతుంది. ఆ చుట్టును సిగ్నల్ దారిలో తెంచాలి. రెండో యాంప్‌కి వెళ్లే దారిలో 10కె:10కె (రెండు వైపులా 10 కిలో ఓమ్‌లది) ఆడియో ట్రాన్స్‌ఫార్మర్ పెట్టండి, వైరు కలవకుండానే సిగ్నల్ దాటిస్తుంది. దాని ముందు చిన్న బఫర్ (సిగ్నల్‌కి బలమిచ్చే సర్క్యూట్) ఉండాలి, లేకపోతే గిటార్‌లో తీగల కింద ఉండే పికప్ మీద భారం పడి ధ్వనిలో పదును పోతుంది. టీఎల్072 చిప్, 9 వోల్టుల బ్యాటరీ చాలు. ఆ వైపు జాక్ ప్లాస్టిక్ బాడీది వాడండి. నేను మొదటి పెట్టెలో మామూలు ఇనుప జాక్ బిగించి, డబ్బా గుండా ఎర్త్ మళ్లీ కలిసిపోయిందని తెలుసుకోవడానికి ఒక ఆదివారం మొత్తం పోగొట్టుకున్నాను. రెండూ కలిపి వాయిస్తే శబ్దం పలచబడిందా, ట్రాన్స్‌ఫార్మర్ అవుట్‌పుట్ వైర్లు రెండూ అటుదిటు మార్చండి.

స్పీకర్ స్విచ్ మాత్రం వద్దు. 8 ఓమ్‌ల స్పీకర్‌కి 50 వాట్లంటే 20 వోల్టులు, రెండున్నర ఆంపియర్లు. మీరు తెచ్చిన ఫుట్‌స్విచ్ రేటింగ్ చూడండి, చాలావాటికి 2 ఆంపియర్లే. పైగా అది ఒక కాంటాక్ట్ వదిలాకే ఇంకోదాన్ని పట్టుకుంటుంది. వాయిస్తుండగా ఆ రెప్పపాటు ట్యూబ్ యాంప్‌కి స్పీకర్ లేకపోతే అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్‌లో వోల్టేజీ ఒక్కసారిగా ఎగబాకి ఇన్సులేషన్ కాలిపోవచ్చు.

ఏలూరు రోడ్డు రిథమ్:
వాడని ట్యూబ్ యాంప్‌కి 8 ఓమ్‌ల పెద్ద రెసిస్టర్ తగిలిస్తే సరిపోదా? నాకైతే వాళ్ల బావ మాటే నచ్చింది. కొత్తగా సోల్డరింగ్ నేర్చుకునేవాళ్ల అతుకు సరిగ్గా ప్రోగ్రాం మధ్యలోనే వదిలేస్తుంది.

ఆటోనగర్ సోల్డర్:
రెసిస్టర్ ఆలోచన సరైనదే. 50 వాట్ల యాంప్‌కి 100 వాట్ల రెసిస్టర్, వేడి పోవడానికి హీట్‌సింక్ కావాలి. మారే ఆ రెప్పపాటులో కూడా లోడ్ తెగకుండా చూసుకోవాలి. అది మొదటిసారి చేసేవాళ్ల పని కాదు. ప్రస్తుతానికి స్టాండ్‌బై వేసి, కేబుల్ చేత్తో మార్చుకోండి. అతుకు సంగతంటారా, కొన్న పెట్టె కూడా పాడవుతుంది. మనం చేసింది పాడైతే ఏ అతుకు చూడాలో మనకు తెలుసు, సోల్డరింగ్ ఐరన్ ఉంటే పది నిమిషాల పని.

బెంజ్ సర్కిల్ బేస్:
పదేళ్లలో నాకెప్పుడూ ఏమీ కాలేదు తమ్ముడూ. కానీ కేబుల్ ఊడితే అన్న మాటకి నా దగ్గర జవాబు లేదు. ఆ ట్రాన్స్‌ఫార్మర్ నేనూ పెట్టి చూస్తాను.

బ్రాడీపేట తీగలు:
ఇవి చదివి సాయంత్రం చర్చికి వెళ్లి చూశాను. మా ట్యూబ్ యాంప్ ప్లగ్గుకి లావు పిన్ను లేదు. ఎవరు తీశారో, ఎప్పుడు తీశారో ఎవరికీ తెలీదు. ఆదివారం బడి పిల్లలు కూడా ఆ గిటార్ పట్టుకుంటారు. కొత్త ప్లగ్గు బిగించాను. గోడ సాకెట్‌లో ఎర్త్ నిజంగా వస్తోందో లేదో రేపు ఎలక్ట్రీషియన్ వచ్చి చూస్తాడు. పెట్టె పని ఆ తర్వాతే.