మూత్రపిండాల రోగికి ఎం.ఆర్.ఐ.లో గాడోలినియం బదులు ఇనుము మందు వాడవచ్చా?

పర్లాకిమిడి వాసి: మా మేనమామ బరంపురంలో డయాలసిస్ చేయించుకుంటున్నారు. మెడ దగ్గరి పెద్ద సిర మూసుకుపోయిందేమో చూడడానికి విశాఖలోని వైద్యులు కాంట్రాస్టుతో (చిత్రం స్పష్టంగా రావడానికి నరంలోకి ఎక్కించే మందుతో) ఎం.ఆర్.ఐ. రాశారు. అందుకు మామూలుగా వాడే గాడోలినియంను మూత్రపిండాలు పనిచేయనివారికి ఆలోచించి ఇవ్వాలనీ, అమెరికాలో కొందరు దాని బదులు ఫెరుమాక్సిటాల్ అనే ఇనుము మందు వాడుతున్నారనీ ఆ వైద్యులే చెప్పారు. ఏది మేలో తెలిసినవారు వివరించగలరు.

వంశధార: నేను చాలా ఏళ్లుగా ఎం.ఆర్.ఐ. గదిలో టెక్నీషియన్‌గా పనిచేస్తున్నాను. గాడోలినియం ప్రధానంగా మూత్రపిండాల ద్వారానే బయటికి పోవాలి. అవి చెడినవారిలో అది నిలిచిపోయి చర్మం, కీళ్లు బిగుసుకుపోయే జబ్బు వస్తున్నట్లు 2006లో తెలియగా, 2007లో అమెరికా ఔషధ సంస్థ తీవ్ర హెచ్చరిక జారీ చేసింది. ఫెరుమాక్సిటాల్‌కు మూత్రపిండాలతో పనిలేదు. అది గంటల తరబడి రక్తనాళాల్లోనే తిరుగుతుంది కనుక సిరలు స్పష్టంగా కనిపిస్తాయి. ఆ తరువాత కాలేయం, ప్లీహం, ఎముక మజ్జ దానిని తీసుకుని ఒంట్లోని ఇనుము నిల్వలో కలుపుకుంటాయి. నా మటుకు ఇటువంటి రోగులకు అదే తగినది.

నాగావళి: అంత పెద్ద అయస్కాంతంలోకి ఇనుము ఎక్కించిన మనిషిని పంపితే లాగదా?

వంశధార: లాగదండీ. అవి చక్కెర జాతి పూత ఉన్న అతి సూక్ష్మమైన ఇనుప ఆక్సైడు కణాలు, రక్తప్రవాహంతో పాటే సాగిపోతాయి.

రాయగడ మాస్టారు: అయస్కాంతం సంగతి అటుంచండి. రక్తహీనత ఉందని మా చెల్లెలికి ఒక ఆసుపత్రిలో ఇనుము ఇంజెక్షన్ గబగబా ఎక్కించారు. పెదవులు వాచి, ఊపిరాడక, మంచం మీదనే ఒరిగిపోయింది. ఆమె బతికి బయటపడింది కాబట్టి మీతో ఇలా మాట్లాడగలుగుతున్నాను. ఇనుము నరంలోకి వెళ్లడం ప్రమాదమని చెప్పడానికి నాకు వేరే రుజువు అక్కరలేదు.

వంశధార: మాస్టారూ, మీ చెల్లెలికి ఇచ్చినది వేరే మందు అయి ఉంటుంది. ఆ ఒక్క సంఘటనతో అన్నింటినీ తోసిపుచ్చలేము.

రాయగడ మాస్టారు: సరే, మీ మందు లెక్కే చూద్దాం. 2009లో రక్తహీనతకు అనుమతి పొందిన ఫెరుమాక్సిటాల్ వల్ల 79 తీవ్ర అలర్జీ కేసులు, వాటిలో 18 మరణాలు నమోదయ్యాయని 2015లో అదే అమెరికా సంస్థ ప్రకటించింది. ఇది కూడా వేరే మందేనా?

వంశధార: ఆ ప్రకటనలోనే మిగతాదీ ఉంది. వేగంగా ఇవ్వకూడదు, పలుచన చేసి కనీసం 15 నిమిషాల పాటు ఎక్కించాలి, తరువాత 30 నిమిషాలు కనిపెట్టుకుని ఉండాలి. మీరు సగం చదివి భయపెడుతున్నారు.

గుణుపురం అమ్మ: మా బాబుకు సికిల్ సెల్ (ఎర్ర రక్తకణాలు కొడవలిలా వంగిపోయే జబ్బు). చాలాసార్లు రక్తం ఎక్కించడం వల్ల వాడి ఒంట్లో ఇనుము ఇప్పటికే మితిమీరింది, కాలేయంలో అది ఎంత పేరుకున్నదో ఎం.ఆర్.ఐ.తోనే కొలుస్తున్నారు. మా కొండ ప్రాంతంలో ఇలాంటి పిల్లలు ఎందరో ఉన్నారు. అందరికీ మేలని రాయకండి.

వంశధార: మీరు చెప్పింది నిజమమ్మా. ఇనుము అధికంగా ఉన్నవారికి ఆ మందు ఇవ్వకూడదు. నేను ముందే రాసి ఉండవలసింది.

రాయగడ మాస్టారు: ఇప్పుడు ఒప్పుకున్నారు! యంత్రం పక్కన నిలబడేవారికి, దానిలో పడుకున్నవారి భయం ఎలా తెలుస్తుంది?

వంశధార: ఆ మాట అన్యాయం మాస్టారూ. రాత్రి రెండు గంటలకు కూడా రోగి చెయ్యి పట్టుకుని నిలబడినవాణ్ణి నేను. భయం నాకూ తెలుసు.

రాయగడ మాస్టారు: అయితే నా అసలు బాధ చెబుతాను. ఆ రోజు సమ్మతి పత్రం ఒడియాలో ఉంది. మా చెల్లెలు తెలుగు తప్ప చదవలేదు. సంతకం చేయించుకున్నారు గానీ, ఏ మందు, ఎందుకు, ఏమైతే ఎవరిని పిలవాలి, ఒక్క ముక్క చెప్పలేదు. గాడోలినియమా ఇనుమా అన్నది నాకు రెండో ప్రశ్న. తెలియకుండా ఎక్కించడమే నా ఫిర్యాదు.

వంశధార: ఇది మొదటే రాసి ఉంటే మీతో వాదించేవాణ్ణి కాదు. మా గదిలోనూ ఆ లోటు ఉంది. నాకు రెండు భాషలూ వచ్చు కనుక నోటితో చెబుతాను, కానీ నేను లేని పూట ఎవరు చెబుతున్నారో నేను అడిగింది లేదు.

పర్లాకిమిడి వాసి: వైద్యులతో మాట్లాడాను. గాడోలినియంలో వలయాకార నిర్మాణం ఉన్న రకాలు ఇప్పుడు ఉన్నాయనీ, వాటితో ఆ చర్మపు జబ్బు అత్యంత అరుదనీ, మామయ్యకు అదే ఇస్తామనీ అన్నారు. మందు పేరు కాగితం మీద రాయించుకున్నాను. మామయ్యకు తెలుగులో చదివి వినిపించాక ఆయనే సంతకం చేస్తారు.

వంశధార: మంచిది. పరీక్ష అయిన వెంటనే డయాలసిస్ పడేలా రోజు కుదుర్చుకోగలరేమో అడగండి. డయాలసిస్‌లో ఇనుము ఎక్కిస్తూ ఉంటే ఆ మందు పేరు, తేదీ కూడా చెప్పండి. ఫెరుమాక్సిటాల్ అయితే 3 నెలల వరకు చిత్రాల్లో తేడా కనిపిస్తుంది.