తప్పెట రోల్ (వరస దెబ్బలు) స్పీడుగా పెడితే కుట్టుమిషన్ మాదిరి వస్తాంది, ఎట్ల సరిచేయాల?

అనంత_బీట్స్ (అనంతపురం):
అన్నలూ, పీర్ల పండక్కి ఒక పాట చేస్తాండా ఎఫ్ఎల్ స్టూడియోలో (కంప్యూటర్లో మ్యూజిక్ చేసే సాఫ్ట్‌వేర్), టెంపో 150, అంటే నిమిషానికి 150 బీట్లు. మా జిల్లా గూగూడులో పీర్ల అగ్నిగుండం కాడ తప్పెట్లు ఉన్నట్టుండి జోరందుకుంటాయి చూడండి, ఒళ్లు జలదరిస్తాది, నాకు ఆ ఊపు కావాల. మా ఊర్లో తప్పెట కొట్టే ఆయన దెబ్బ ఒకటి ఫోన్లో రికార్డు చేసుకోని, దాన్నే పియానో రోల్‌లో (నోట్లు పెట్టే గళ్ల పేజీ) 1/32కి, అంటే బీటుకు 8 దెబ్బలు, వరసగా పరిచినా. వింటే పక్కింట్లో కుట్టుమిషన్ తొక్కినట్టుండాది. 1/64 (బీటుకు 16) పెడితే ఇంకా ఘోరం, తుమ్మెద మాదిరి జుయ్ అంటాంది. వెలాసిటీ (దెబ్బ జోరు) ర్యాండమ్ చేసినా మారల్యా. వారం నుంచి దీని మీదనే కూర్చోనుండా, దారి చెప్పండి.

కడప_మిక్స్:
1/64 తీసెయ్ తమ్ముడూ. 150 టెంపోలో బీటుకు 400 మిల్లీసెకన్లు, 1/32కి 50, 1/64కి 25 వస్తాది. అంటే సెకనుకు 40 దెబ్బలు, అంత దగ్గర పడితే చెవి విడివిడిగా పట్టుకోలేదు, అంతా కలిసి ఒక స్వరం అయిపోతాది, నీ తుమ్మెద అదే. 1/32 కుట్టుమిషన్ అయ్యేది వేరే కారణం, ప్రతిసారీ అదే శాంపిల్ (రికార్డు చేసిన దెబ్బ) కదా మోగేది, సౌండు పెంచినా తగ్గించినా అదే దెబ్బ.

పత్తికొండ_తప్పెట:
నాకు ఈ సాఫ్ట్‌వేర్లు తెలీవు, 20 ఏండ్లుగా తప్పెట కొడతాండా, మా అన్న కొడుకు చూపిస్తే రాస్తాండా. నాయనా, స్పీడు ఒక చేతిలో రాదు. కుడిచేతి చిర్ర (లావు పుల్ల) నడిమధ్యన పడితే బరువుగా మోగుతాది, ఎడమచేతి చిటికెన పుల్ల అంచున పడి సన్నగా టిక్కుమంటాది. నువ్వు ఒక్క చిర్రనే వాయిస్తాండావు. రెండూ వేరేవేరేగా నాలుగైదు సార్లు కొట్టించుకో. ఇంకో మాట, అన్నీ ఒకే కాపు మీద తీసుకో. మంట కాడ కాచిన వెంటనే చర్మం బిగుసుకోని ఖంగుమంటాది, కాసేపటికి వదులై దిగిపోతాది, రెండూ కలిపితే ఒకే తప్పెట అనిపీదు.

కడప_మిక్స్:
పెద్దాయన చెప్పిందే అసలు పాయింటు. చిర్రకు ఒక ఛానెల్, చిటికెనకు ఒక ఛానెల్ పెట్టి ఒకటి మార్చి ఒకటి వెయ్, చిర్ర వెలాసిటీ 100 ఉంటే చిటికెన 70 కాడ పెట్టు, శాంపిల్స్ మార్చుకుంటా పో. ర్యాండమ్ వద్దు, చెయ్యికి ఒక వరస ఉంటాది కదా. కీబోర్డులో ఆల్ట్ పట్టుకోని చిటికెన నోట్లను ఒకటి రెండు టిక్కులు (బీటును చీల్చిన చిన్న ముక్కలు) ఆలస్యంగా పడేట్టు జరుపు, బీటుకు 96 టిక్కులుంటే నీ టెంపోలో ఒక టిక్కు 4 మిల్లీసెకన్లే, అంతకు మించితే తడబడినట్టు వినపడతాది. కట్ ఇట్‌సెల్ఫ్ (కొత్త దెబ్బ పడంగానే పాతదాన్ని ఆపేసే సెట్టింగు) ఆన్‌లో ఉంటే తీసెయ్, లేకుంటే ముందు దెబ్బ మోత మధ్యలో తెగి టపటపమంటాది. ఇంకా, మొదట్నుంచే 1/32 వద్దు, బీటుకు 4 దెబ్బలతో మొదలుపెట్టి 6కు పో, చివర్లో 8 చెయ్. గూగూడులో నువ్వు విన్న జోరు అట్ల ఎక్కేదే.

అనంత_బీట్స్:
అన్నా, పెద్దాయనా, శానా థ్యాంక్స్. ఉన్న దెబ్బనే కాపీ చేసి, కింది బాస్ కోసేసి చిటికెన మాదిరి వాడి చూసినా, 4, 6, 8 ఎక్కించేసరికే ప్రాణం వచ్చింది. అయినా అంచు దెబ్బ ఇది కాదని తెలిసిపోతాంది. ఆదివారం ఆయన ఇంటికి పోయి, తప్పెట కాపించి రెండు పుల్లలవీ రికార్డు చేసుకోనొస్తా.