వేలంలో వెండి టీ సెట్, కాంటన్ పింగాణీ బేసిన్: పాడే ముందు ఏం చూసుకోవాలి?

కోనసీమ_టు_కోవెంట్రీ

అందరికీ నమస్తే. ఇంగ్లండ్ మిడ్‌ల్యాండ్స్‌లో ఒక చిన్న ఆక్షన్ హౌస్ వచ్చే వారం పాత సామాన్లు వేలం వేస్తోంది. మూడు లాట్ల మీద కన్ను పడింది. క్యాటలాగ్‌లో ఉన్నది ఉన్నట్టు పెడుతున్నా:

లాట్ ఒకటి: విక్టోరియన్ వెండి టీ సెట్, మూడు పీసులు (టీపాట్, షుగర్ బౌల్, క్రీమ్ జగ్గు), బర్మింగ్‌హామ్ మార్కులు, "40 ఔన్సులు ఆల్ ఇన్". ఫోటోలో టీపాట్ పిడి రెండు చివర్లలో సన్నటి తెల్ల పట్టీలు కనిపిస్తున్నాయి.

లాట్ రెండు: కాంటన్ ఫామీ రోజ్ (గులాబీ రంగు ఎనామెల్ బొమ్మల చైనా పింగాణీ) బేసిన్, 19వ శతాబ్దం, వ్యాసం సుమారు 40 సెంటీమీటర్లు, "హెయిర్‌లైన్, సమ్ వేర్".

లాట్ మూడు: "ఇండియన్ వైట్ మెటల్ టీపాట్, హిందూ దేవతా మూర్తులతో, మార్కులు లేవు".

వేలానికి ముందు రోజు వెళ్లి చేత్తో పట్టుకుని చూడొచ్చట. అక్కడ ఏం చూడాలి? ఎంత వరకూ పాడితే న్యాయం? తర్వాత వీటిని హైదరాబాద్ పంపాలంటే తిప్పలేమైనా ఉన్నాయా?

---

తులం_లెక్క

ముందు వెండి సంగతి.

"ఆల్ ఇన్" అంటే చెక్క, దంతం, మూత మీది బొడిపె, అన్నీ కలిపి తూచిన బరువు. పిడి కూడా వెండిదే అయితే తేడా స్వల్పం. నల్ల చెక్క పిడి అయితే దాని బరువు తీసేసి లెక్క వేసుకోవాలి. ఇక్కడ ఔన్స్ అంటే ట్రాయ్ ఔన్స్, 31.1 గ్రాములు. కిచెన్ స్కేల్ చూపించే 28.35 గ్రాముల ఔన్స్ కాదు. చాలామంది ఇక్కడే బోల్తా పడతారు, కాబట్టి స్కేల్‌ని గ్రాముల్లో పెట్టి తూచండి. 40 ట్రాయ్ ఔన్సులంటే సుమారు 1,244 గ్రాములు. స్టెర్లింగ్ 92.5 శాతం కాబట్టి అసలు వెండి దాదాపు 1,150 గ్రాములు, మన పాత లెక్కలో (తులం 11.66 గ్రాములు) 98 తులాల పైచిలుకు. ఆ రోజు వెండి ధరతో గుణిస్తే కరిగించినా వచ్చే విలువ తెలుస్తుంది. సాదాసీదా విక్టోరియన్ సెట్లు చాలావరకు ఈ విలువకి అటూ ఇటూగానే పోతాయి. టీ సెట్ వాడేవాళ్లు తగ్గిపోయారు మరి.

మార్కులు: బర్మింగ్‌హామ్‌కి లంగరు, స్టెర్లింగ్‌కి నడిచే సింహం, ఏడాదికో అక్షరం, తయారీదారు పొడి అక్షరాలు. వీటికి తోడు 1784 నుంచి 1890 వరకు సుంకం కట్టినట్టు రాజు లేదా రాణి తల ముద్ర ఉండేది. విక్టోరియన్ అంటున్నారు కాబట్టి 1890కి ముందుదైతే రాణి తల ఉండి తీరాలి. అక్షరం ఒక్కటే చూసి ఏడాది చెప్పకండి. ముద్ర వేసే ప్రతి ఆఫీసుకీ వరస వేరు, అదే అక్షరం పాతికేళ్లకోసారి మళ్లీ వస్తుంది. అక్షరం చుట్టూ ఉన్న డాలు ఆకారం, అక్షరం రాసిన తీరు, రెండూ పట్టికతో కలవాలి.

మూడు పీసుల మీదా విడివిడిగా మార్కులుండాలి. మూత విడిగా చేసి అతికించిన భాగం కాబట్టి దాని లోపలి వైపు కూడా చూడండి. మార్కులన్నీ లేకపోయినా సింహం, తయారీదారు గుర్తు లాంటివి ఉండాలి. ఏమీ లేకపోతే మూత మార్చారేమోనని అనుమానించాల్సిందే.

ఇక పాడయ్యే చోట్లు. మూత తెరిచి మడత బందు దగ్గర చుట్టూ చీలిక ఉందేమో చూడండి. ముక్కు మొదలు, పిడి అతుకు, కాళ్లు దిగిన చోటు, ఈ మూడూ బలహీనం. కాళ్ల చుట్టూ మసక బూడిద రంగు మరక ఉంటే అది సీసం టంకం, నాసిరకం రిపేరు. దాన్ని సరిచేయడానికి వేడి పెడితే సీసం వెండిని తినేస్తుంది, అందుకే మంచి పనివాళ్లు ముట్టుకోరు. పాట్ పొట్ట మీద ఒకవేళ ఖాళీ చట్రం ఉంటే అక్కడ బొటనవేలితో మెల్లగా నొక్కండి. రేకు లోపలికి దిగి టక్కున పైకి వస్తే, పాత వంశ చిహ్నాన్ని గీకి తీసేశారని అర్థం. నోటితో ఆవిరి ఊదినా సరే, చెరిపిన గీతలూ టంకం గీతలూ ఆ తేమలో ఒక్క క్షణం పైకి తేలతాయి.

"ఈపీఎన్ఎస్" అనే నాలుగు అక్షరాల్ని నాలుగు చిన్న డాళ్లలో కొట్టి హాల్‌మార్క్‌లా కనిపించేలా చేసేవాళ్లు. అది నికెల్ మిశ్రమం మీద వెండి పూత. సింహం లేకపోతే ఆగి చూడండి.

---

పింగాణీ_పిచ్చి

బేసిన్ గురించి నేను చెబుతా. "హెయిర్‌లైన్, సమ్ వేర్" (వెంట్రుకంత సన్నటి పగులు, కాస్త అరుగుదల) అని రాసి వదిలేశారంటే పగులు పొడవెంత, అంచు నుంచి అడుగుకు దిగిందా, వెనక కనిపిస్తుందా అని కండిషన్ రిపోర్ట్ అడగండి. అది ఉచితం, ఈమెయిల్‌లో ఇస్తారు.

చేత్తో పట్టుకుని చూసేటప్పుడు: బేసిన్‌ని మెత్తటి గుడ్డ మీద పెట్టి అంచుని వేలి గోటితో తట్టండి. నిక్షేపంగా ఉంటే గంటలా సాగే మోత. పగులుంటే టప్‌మని ఆగిపోతుంది. మోత బాగుంటే చాలదు, పై గ్లేజ్ (గాజు లాంటి పూత) వరకే ఉన్న చిన్న చీలిక, అంచు పెచ్చు మోతని మార్చవు. అందుకే రెండో పరీక్ష: ఫోన్ టార్చ్ వెనక పెట్టి ముందు నుంచి చూడండి. పల్చగా ఉన్న చోట పగులు నల్ల గీతలా దొరుకుతుంది. మూడోది 365 నానోమీటర్ల యూవీ టార్చ్. పగులు మీద రంగు వేసి దాచిన చోటు చుట్టుపక్కల గ్లేజ్ కంటే వేరే రంగులో మెరుస్తుంది. కొత్త రకం పూతలు కొన్ని దీనికి దొరకవు, కాబట్టి పంటితో మెల్లగా తాకి చూసేవాళ్లున్నారు. గ్లేజ్ గట్టిగా చల్లగా, ప్లాస్టిక్ పూత కాస్త మెత్తగా తెలుస్తుంది. మొహమాటం ఉంటే గోటి కొనతో సరిపెట్టుకోండి.

అసలుదా నకిలీదా అంటే బోర్లించి కాలి అంచు (నేల మీద ఆనే వలయం) చూడండి. గ్లేజ్ పూయని ఆ వలయంలో మట్టి పొడిగా, చేత్తో తడిమితే గరుకుగా, అక్కడక్కడ ఇనుము తుప్పు రంగు చుక్కలతో ఉంటుంది. కొత్తవాటికి టీ డికాక్షన్ లాంటి గోధుమ రంగు పూసి పాతదనం తెప్పిస్తారు. ఆ మరక వలయమంతా ఒకే చిక్కదనంలో ఉంటుంది, గ్లేజ్ సూదిరంధ్రాల్లో కూడా ఇరుక్కుని కనిపిస్తుంది. తర్వాత పది రెట్ల భూతద్దంలో బొమ్మల గీతల్ని చూడండి. చేత్తో వేసిన గీత ఒక చోట లావు, ఒక చోట సన్నం. గీత చుక్కలు చుక్కలుగా విడిపోయి కనిపిస్తే అది అచ్చు బొమ్మ, పాట మానుకోండి. గులాబీ ఎనామెల్ వేలికి తగిలేంత ఉబ్బుగా ఉండాలి. బంగారు రంగు మాత్రం అంచున, లోపలి మధ్యభాగంలో అరిగి ఉండటం మంచి లక్షణం.

అడుగున ఆరు చైనా అక్షరాల చక్రవర్తి ముద్ర ఉంటే సంబరపడొద్దు. ఎగుమతి కోసం కాంటన్‌లో రంగులేసిన ఇలాంటి బేసిన్లకు మామూలుగా ముద్ర ఉండదు. "చైనా" అని ఇంగ్లీషులో రాసుంటే 1890 మెకిన్లీ టారిఫ్ చట్టం ప్రభావం, అంటే 1891 నుంచి తర్వాతది.

ధర విషయంలో నా అభిప్రాయం: పగులున్న బేసిన్‌కి మంచిదాని ధరలో మూడో వంతు దాటి పాడకండి. అలంకారంగా గోడ వార పెట్టుకోవడానికైతే పగులు వెనక్కి తిప్పేసుకోవచ్చు. నీళ్లు పోసి పూలు తేలించాలనుకుంటే పగులు బ్రౌన్ మరకలా మారి పెరుగుతుంది. ఆ మరక పోగొట్టడానికి ఇంట్లో వాడే బ్లీచ్ వాడారంటే లోపల ఉప్పు గడ్డకట్టి గ్లేజ్ ఎగదీస్తుంది, బంగారం కూడా పోతుంది. ఎనామెల్‌లో సీసం ఉంటుంది కాబట్టి పళ్లు, పుల్లటివి దాంట్లో పెట్టొద్దు.

---

కోనసీమ_టు_కోవెంట్రీ

ఇద్దరికీ థాంక్స్ అన్నా. ఆక్షన్ హౌస్ వాళ్లు మార్కుల ఫోటోలు పంపారు. టీపాట్, షుగర్ బౌల్ మీద ఒకే అక్షరం, రాణి తల ఉన్నాయి. జగ్గు మీద లంగరు, సింహం ఉన్నాయి గానీ అక్షరం వేరు, రాణి తల లేదు. పిడి పట్టీలు "ఐవరీ ఇన్సులేటర్లు" (పిడికి వేడి పాకకుండా పెట్టే దంతం ముక్కలు) అన్నారు.

---

తులం_లెక్క

అయితే జగ్గు తర్వాత వచ్చి చేరింది. 1890 తర్వాతది. దీన్నే వాళ్ల భాషలో మ్యారేజ్ సెట్ అంటారు. అక్షరంలో ఒక్క ఏడాది తేడా ఉండి, తల ముద్ర రెంటి మీదా ఉంటే నేను పట్టించుకునేవాణ్ణి కాదు. 1975కి ముందు అక్షరం ఏడాది మధ్యలో మారేది, ఒకే ఆర్డర్‌లోని పీసులు రెండు అక్షరాలు మోయడం మామూలే. ఇక్కడ అలా కాదు. జగ్గు పొట్ట మీది నగిషీ, కాళ్ల ఆకారం పాట్‌తో కలుస్తున్నాయా చూడండి. కలిసినా సరే సెట్ ధర పెట్టకండి, బరువు ధరే పెట్టండి.

బౌల్, జగ్గు లోపల బంగారు పూత ఉంటే దాన్ని పాలిష్‌తో రుద్దొద్దు. వెండికి పులుపు, ఉప్పు తగలకుండా వేసిందది.

---

రూల్స్_రాంబాబు

దంతం దగ్గర ఆగండి. బ్రిటన్‌లో ఐవరీ యాక్ట్ 2018 చట్టం 2022 జూన్ 6 నుంచి అమల్లో ఉంది. 1947కి ముందు చేసిన వస్తువులో దంతం ఘనపరిమాణంలో 10 శాతం లోపుంటే మినహాయింపు ఉంది, కానీ అమ్మేవాడు ముందే ఆన్‌లైన్‌లో రిజిస్టర్ చేయాలి. టీపాట్ ఇన్సులేటర్లు సరిగ్గా ఈ కోవలోకే వస్తాయి. రిజిస్ట్రేషన్ నంబర్ అడిగి రాయించుకోండి. లేదంటే ఆ లాట్ అమ్మడమే తప్పు, కొన్నవాడికీ చిక్కే.

ఎముక కూడా అలాగే ఉంటుంది. భూతద్దంలో సన్నటి నల్ల చుక్కలు, చిన్న గీతలు కనిపిస్తే ఎముక. అప్పుడు ఈ చట్టం వర్తించదు. దంతమే అయితే మాత్రం ఇండియా ప్రయాణం మర్చిపోండి. అంతర్జాతీయంగా సైటిస్ (అంతరించిపోతున్న జీవుల వ్యాపారం మీద దేశాల ఒప్పందం) అనుమతులు కావాలి, ఇక్కడ వన్యప్రాణి చట్టం దంతం విషయంలో ఏమాత్రం వదలదు. పాట్‌ని అక్కడే వాడుకోండి, లేదా వెండిపనివాడి చేత ఇన్సులేటర్లు మార్పించండి.

పాట మీద పడే అదనపు ఖర్చుల సంగతి ఎవరూ చెప్పలేదు. సుత్తి దెబ్బ ధర (పాట ఆగిన ధర) మీరు కట్టే ధర కాదు. ఉదాహరణకి సుత్తి 1,000 పౌండ్ల దగ్గర పడిందనుకోండి. బయ్యర్స్ ప్రీమియం (కొన్నవాడి దగ్గర హౌస్ తీసుకునే రుసుం) 25 శాతం అయితే 250, దాని మీద 20 శాతం వ్యాట్ 50. ఆన్‌లైన్ వేదిక ద్వారా పాడితే ఇంకో 5 శాతం, అంటే 50, దానికి వ్యాట్ 10. మొత్తం 1,360. గదిలో కూర్చుని పాడితే చివరి 60 మిగులుతుంది. ప్రతి హౌస్‌కీ శాతాలు వేరు, నియమాల పేజీలో ఉంటాయి. లాట్ నంబర్ పక్కన నక్షత్రం గుర్తుంటే బయటి దేశం నుంచి వచ్చిన వస్తువని, సుత్తి ధర మీద కూడా దిగుమతి వ్యాట్ పడుతుందని అర్థం కావచ్చు. ఆ గుర్తుల పట్టిక చదవండి.

కాబట్టి వెనక నుంచి లెక్క: మొత్తం మీద ఎంత పెట్టగలరో దాన్ని, పై శాతాలే అయితే, 1.36తో (గదిలో పాడితే 1.30తో) భాగించండి, అదే మీ ఆఖరి పాట. కాగితం మీద రాసుకుని ఆ అంకె దగ్గర చెయ్యి దించేయండి.

---

పింగాణీ_పిచ్చి

మూడో లాట్‌ని ఎందుకు వదిలేశారు? నాకు మూడింట్లో అదే ఆసక్తిగా ఉంది. "వైట్ మెటల్" అని రాశారంటే వెండి కాదని కాదు, వెండి అని చెప్పడానికి మార్కు లేదని. బ్రిటన్‌లో హాల్‌మార్క్ లేని వస్తువుని వెండి అని అమ్మడానికి చట్టం ఒప్పుకోదు, 1950కి ముందువాటికి మినహాయింపులున్నా చిన్న హౌస్‌లు రిస్క్ తీసుకోవు. ఆనాటి ఇండియాలో హాల్‌మార్క్ ఆఫీసే లేదు. మద్రాసులో పి. ఓర్ అండ్ సన్స్ లాంటి దుకాణాలు తమ పేరు ముద్ర వేసేవి, చాలామంది కంసాలులు అదీ వేయలేదు.

దేవతా మూర్తులతో ఉబ్బెత్తు పని అంటే మద్రాసు వైపు స్వామీ వెండి అయ్యే అవకాశం ఉంది. బొమ్మల్ని మనం గుర్తుపట్టగలం, అది మనకున్న సౌలభ్యం. మూర్తులు వాహనాలతో, ఆయుధాలతో సరిగ్గా ఉన్నాయా, శంఖం చక్రం ఏ చేతుల్లో ఉన్నాయి, చూడండి. పాట్ లోపల టార్చ్ వేస్తే మూర్తి ఉన్న చోట వెనక గుంట కనిపించాలి, ఎందుకంటే రేకుని లోపలి నుంచి సుత్తితో పైకి కొట్టి, తర్వాత ముందు నుంచి చెక్కుతారు. లోపల నున్నగా ఉండి, బయట మాత్రం బొమ్మలుంటే పోతపోసిందో, రెండు పొరలదో. మూర్తుల ముక్కుల మీద, మోకాళ్ల మీద రాగి ఎరుపు తొంగిచూస్తే పూత. యాసిడ్ పరీక్ష చేస్తానని వాళ్లని అడగకండి, ఒప్పుకోరు. ఎక్స్‌ఆర్ఎఫ్ మిషన్ (ఎక్స్‌రేతో లోహం ఏదో చెప్పేది) ఉందా అని అడగండి, కొన్ని హౌస్‌లలో ఉంటుంది.

---

తులం_లెక్క

అవును, గుంట పరీక్ష బాగుంది. ఒక్కటి కలుపుతా: ఎక్స్‌ఆర్ఎఫ్ పై పొరనే చదువుతుంది. మందమైన పూత ఉంటే వెండి అనే చూపిస్తుంది. అడుగున అరిగిన చోట పెట్టించండి.

---

రూల్స్_రాంబాబు

ప్యాకింగ్, ప్రయాణం. హౌస్ వాళ్లు సాధారణంగా ప్యాక్ చేయరు. కొరియర్ ఇన్సూరెన్స్ నియమాల్లో పింగాణీ, గాజు పగిలితే చెల్లించం అని చాలా చోట్ల ఉంటుంది, అందుకే బేసిన్‌ని సొంతంగా తెచ్చుకోవడం మేలు. పెట్టె లోపల పెట్టె, రెంటి మధ్య చుట్టూ కనీసం 5 సెంటీమీటర్ల మెత్తన. బేసిన్ గుంతలో కాగితం ఉండలు నింపండి, కానీ బిగించి కుక్కొద్దు. వెండికి రబ్బరు బ్యాండ్లు, న్యూస్ పేపర్ తగలనివ్వకండి. రబ్బరులోని గంధకం నల్ల గీతలు వేస్తుంది, పాలిష్‌కి కూడా తొందరగా పోవు. యాసిడ్ లేని టిష్యూ కాగితం చుట్టి, మూతకి టేపు అతికించకుండా గుడ్డ నాడాతో కట్టండి.

ఇండియాలో దిగేటప్పుడు కస్టమ్స్ దగ్గర రెడ్ ఛానల్‌కి వెళ్లి డిక్లేర్ చేయండి. ఆభరణాలకున్న మినహాయింపు వెండి పాత్రలకు వర్తించదు. ఆక్షన్ ఇన్వాయిస్, లాట్ పేజీ ప్రింటు, కస్టమ్స్ రశీదు, మూడూ జాగ్రత్తగా దాచండి. 100 ఏళ్లు దాటిన వస్తువు 1972 పురావస్తు చట్టం పరిధిలోకి వస్తుంది, దాన్ని మళ్లీ దేశం దాటించాలంటే సొంతంగా కుదరదు. రేపు మీరు తిరిగి కోవెంట్రీకే వెళ్లే ఆలోచన ఉంటే మద్రాసు పాట్‌ని హైదరాబాద్ పంపే ముందు ఇంకోసారి ఆలోచించండి.