అప్‌డేట్: పురుష భాగస్వామి ఉన్న పురుషుడు రక్తదానం చేయవచ్చా?

పురుషుడితో కలిసి జీవిస్తున్న నేను రక్తం ఇవ్వవచ్చా, ఇవ్వకూడదంటే కారణమేమిటి అని ఇంతకుముందు అడిగాను; దానం చేసిన రక్తాన్ని ఎలాగూ పరీక్షిస్తారు కదా, దాతను ప్రశ్నలడగడమెందుకని వాదించాను కూడా. నిజం దాచి ఇచ్చేయమన్న సలహా కూడా వచ్చింది. సమాధానం దేశాన్నిబట్టి మారుతుందని తెలిసింది. పురుషులతో సంబంధమున్న పురుషులపై ఎయిడ్స్ భయంతో 1980లలో మొదలైన శాశ్వత నిషేధాన్ని అమెరికా 2015లో చివరి సంబంధం తర్వాత 12 నెలల విరామంగా, 2020లో 3 నెలలుగా తగ్గించి, 2023లో ఆ వర్గీకరణనే తొలగించింది. ఇప్పుడు అక్కడ స్త్రీపురుష భేదం లేకుండా దాతలందరినీ ఒకే రకమైన ప్రశ్నలు అడుగుతారు. గత 3 నెలల్లో కొత్త భాగస్వామి గానీ ఒకరికంటే ఎక్కువమంది గానీ ఉండి, ఆ కాలంలో గుద సంభోగం జరిగి ఉంటే దానాన్ని వాయిదా వేస్తారు. బ్రిటన్ 2021లో, కెనడా 2022లో ఇలాంటి పద్ధతికే మారాయి. భారతదేశపు 2017 మార్గదర్శకాలు మాత్రం పురుషులతో సంబంధమున్న పురుషులను, ట్రాన్స్‌జెండర్ వ్యక్తులను శాశ్వతంగా అనర్హులుగా పేర్కొన్నాయి. ఏకైక భాగస్వామితో ఏళ్లుగా ఉన్నవారినీ ఇది మినహాయించకపోవడం అన్యాయమని నా అభిప్రాయం.

పరీక్ష ఉండగా ప్రశ్నలెందుకన్న నా వాదన మాత్రం సరికాదు. వైరస్ సోకిన తొలి రోజుల్లో అత్యంత సున్నితమైన పరీక్షకు కూడా అది దొరకదు; హెచ్ఐవి నివారణ మాత్రలు వాడేవారిలో గుర్తింపు మరింత ఆలస్యం కావచ్చు. అందుకే నిజం దాచి రక్తం ఇవ్వమన్న సలహాను నేను పాటించడం లేదు.